మేక మడమ

ఇబ్రహీంపట్నం నుంచి బొంగులూరు పోయే దారిలో కొత్త వెంచర్ ఒకటుంది. రోడ్లు వేశారు గానీ ఇంకా ఒక్క ఇల్లూ లేవలేదు. ప్లాట్లలో మా అత్తమ్మ సక్కుబాయి మేకలు మేపుతుంది. ఆ రోడ్ల మీద నేను కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం రోజూ పరుగు ప్రాక్టీసు చేస్తాను.

ఆ పొద్దున నేను రొప్పుతూ వచ్చి కూలబడితే, అత్తమ్మ నవ్వింది.

“నీ అడుగుల చప్పుడు ఈడిదాంక ఇనబడుతుంది రమా. మేకలు గట్ల దబదబ ఉరుకుతయా?”

నాకు ఒళ్లు మండింది. “మేకకు మోకాలు ఎనకకు వంగుతది అత్తమ్మా. నాకు వంగుతదా?”

“గది మోకాలు గాదు, మడిమ!”

ఒక మేకను దగ్గరికి లాక్కుని, వెనక కాలు తడిమి చూపించింది. అసలు మోకాలు ఎక్కడో పైన, పొట్ట పక్కన దాగి ఉంది.

“ఎన్ని మేక కాళ్లు కాల్చి వండిన, నాకు తెల్వదా బొక్కలు? అది గోర్ల మీదనే ఉరుకుతది. మడిమ కింద పెట్టనే పెట్టదు.”

మునివేళ్ల మీద నిలబడి నా కాలు చూసుకున్నాను. అచ్చం మేక కాలే! ఇంటర్‌లో బైపీసీ చదివింది మాత్రం నేను.

సిగ్గుపడుతూనే మళ్లీ పరుగందుకున్నాను, మడమలు నేలకు ఆనకుండా. ఒళ్లు దూదిలా తేలికైంది. నా అడుగులు నాకే వినబడలేదు. వెనకాల కూడా ఏ చప్పుడూ లేదు. రోడ్డంతా నాదే అనుకున్నాను.

అప్పుడే, కుచ్చిళ్లు ఎగదోపి, చెప్పులు చేతబట్టుకుని, అత్తమ్మ నన్ను దాటిపోయింది.