టీచరుగారి కిటికీకీ నాకూ మధ్య ఒక తేనెపిట్ట

తేనెపిట్ట బొటనవేలంత ఉంటుంది. నీడలో ఎవరో పారేసిన బొగ్గుముక్కలా కనిపిస్తుంది. ఎండ తగిలిన క్షణంలో మాత్రం మెడ నీలంగా మండుతుంది. ఆ క్షణం కోసమే రోజూ పొద్దున్నే మా మూడో అంతస్తు బాల్కనీలో, మా ఆవిడ పెంచే ఎర్రపూల తీగ వెనక, కెమెరా పట్టుకుని నిలబడుతున్నాను. ఆ నీలం నా కంటికి దొరికింది కాని, కెమెరాకు ఇంకా దొరకలేదు.

తప్పు పిట్ట ఒక్కదానిదే కాదు. అది కొమ్మ మీద వాలగానే నా గుండె ఎగురుతుంది. ఆ ఎగురుడు భుజంలోకి, భుజంలోంచి వేలిలోకి దిగుతుంది. ఫోటో అలుక్కుపోతుంది. దుఃఖానికి చేతులు వణుకుతాయని తెలుసు. సంతోషమూ అంత పని చేస్తుందని ఈ వయసులో తెలిసింది. చేయి వణకని రోజున మరో చిక్కు. కెమెరా ఆ చిన్న ప్రాణాన్ని లెక్కచేయకుండా దాని వెనకున్న పెద్ద వస్తువును పట్టుకుంటుంది. మా సందు ఇరుకు. వెనకున్న పెద్ద వస్తువు ఎదురింటి లెక్కల టీచరుగారి కిటికీ.

"ఇవాళ ఏం పడింది?" అని అడుగుతుంది మా ఆవిడ.

"కొమ్మ."

"నిన్నా కొమ్మేగా! దానికి పాస్‌పోర్టేమైనా తీయిస్తున్నారా?"

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. ఏళ్ల తరబడి నా నోట ఒకటే మాట: "కదలకండి. ఊపిరి బిగబట్టండి." పసివాళ్లు, పండుముసలివాళ్లు, పోలీసులు, అందరూ ఆ మాట వింటారు. అంటున్నట్టు నాకే తెలియదు. వేలు బటన్ మీదికి వెళితే మాట దానంతటదే వస్తుంది.

శనివారం పొద్దున పిట్ట తీగ చివర, సరిగ్గా ఎండలో వాలింది. పువ్వులో ముక్కు ముంచి, తీసి, మెడ నా వైపు తిప్పింది. నీలం భగ్గుమంది. నా చేయి రాయిలా నిలిచింది. అన్నీ కుదిరాయి. వేలు బటన్ మీదికి వెళ్లింది.

"కదలకండి! ఊపిరి బిగబట్టండి!" అన్నాను, ఆసుపత్రి గొంతుతో.

పిట్ట తుర్రుమంది. ఎదురు బాల్కనీలో బట్టలారేస్తున్న టీచరుగారు మాత్రం, తడి దుప్పటి ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడిపోయారు. ఆ తరవాత ఆవిడకు నా చేతిలోని పొడుగాటి లెన్సు కనిపించింది.

కాసేపటికి ఆవిడ మా గుమ్మంలో ఉన్నారు.

"ఏమయ్యా, నన్నేనా కదలొద్దన్నావు?"

"మిమ్మల్ని కాదండీ టీచరుగారూ, పిట్టని."

"పిట్టని పట్టుకుని 'అండీ' అంటావా?"

లోపలినుంచి మా ఆవిడ, "అంటారండీ! నన్ను తప్ప అందరినీ అండీ అనే అంటారు," అంది. అది సాయమో కాదో తేల్చుకోలేకపోయాను.

"సరే, ఆ పిట్టేదో చూపించు."

చూపించాను. అది నేను చేసిన రెండో తప్పు. ఒక్కో ఫోటో జరుపుతుంటే తెరమీద ఒక్కో రోజు ఆవిడ కిటికీ. కమ్మీ మీద ఆరేసిన తువ్వాలు, పోగులతో సహా. గట్టు మీద ఆవిడ కళ్లజోడు. ముందు మసగ్గా ఒక కొమ్మ. వెతికినా ఎక్కడా ఒక్క ఈక లేదు.

వాటిని ఆవిడ కళ్లతో చూశాను. నాకే అనుమానం వచ్చింది. ఒక్కడికే కనిపించేదాన్ని మనసు ఎంత అందంగానైనా అల్లుకోగలదు. ఆ పిట్టనీ, దాని రంగునీ నేనే అల్లుకున్నానేమో.

"రేపు ఆదివారం. పొద్దున్నే వచ్చి నేనే ఇక్కడ నిలబడతాను," అన్నారు ఆవిడ. "పిట్ట వచ్చిందా, సరే. రాలేదా, ఈ బాల్కనీలో నీ కెమెరా మళ్లీ కనబడకూడదు. ఎందుకో మీ బిల్డింగులో అందరికీ నేనే చెప్తాను."

ఆవిడ వెళ్లాక మా ఆవిడ నవ్వుతూనే ఉంది కాని, వేళ కాని వేళ తీగకు నీళ్లు పోసింది. "మీ మొహం ఎలాగూ వేలాడుతోంది. పువ్వులైనా నిలబడాలిగా," అంది.

ఆదివారం టీచరుగారు పరీక్ష హాల్లోకి వచ్చినట్టు వచ్చారు. కెమెరా నా చేతిలోంచి లాక్కున్నారు.

"నువ్వు ముట్టుకోకు. కన్ను ఎక్కడ పెట్టాలి?"

చూపించాను. లెన్సులోంచి తన ఇంటిని తనే చూసుకుంటూ, "కర్టెన్లు ఉతకాలి," అని గొణుక్కున్నారు.

పిచ్చుకలు వచ్చాయి. ఒక సీతాకోకచిలుక వచ్చింది.

"ఇదేనా?"

"కాదండీ."

ఎండ పాకుతూ తీగ దాకా వచ్చింది. ఆసుపత్రిలో చల్లటి ఎక్స్‌రే పలకకు గుండె ఆనించి నిలబడినవాళ్లు నా మొహంలోకి ఎందుకలా చూస్తారో మొదటిసారి అర్థమైంది.

"బాబూ, లేని పిట్ట కోసం..." అని ఆవిడ మొదలుపెట్టారు.

అప్పుడు సూదితో గుచ్చినట్టు సన్నటి కూత. నా నోటిని నేను నమ్మలేదు. రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. పిట్ట వాలింది. నేను దాన్ని చూడలేదు, ఆవిడను చూశాను. కెమెరాకు నొక్కుకుని ముడుచుకున్న చెంప మెల్లగా విప్పుకుంది. నోరు తెరుచుకుంది.

"అమ్మో, నీలం!" అన్నారు టీచరుగారు, చిన్నపిల్ల గొంతుతో.

రంగు సంగతి ఆవిడకు నేను చెప్పనేలేదు. నా ఒంట్లో ఎక్కడో బిగుసుకుని ఉన్నదేదో వదులైంది. ఇన్నాళ్లూ పిట్ట ఉందనుకున్నాను. ఇప్పుడు పిట్ట ఉంది.

కెమెరా క్లిక్కుమంది. మా ఆవిడా వచ్చింది, ముగ్గురం తలలు కలిపి తెరమీదికి వంగాం. ఊగుతున్న కొమ్మ. వెనక ఎదురు బాల్కనీలో, పళ్లన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా, బనీనుతో ఆవలిస్తున్న టీచరుగారి భర్త. ఒక మూల చిన్న నల్లగీత.

"తోక!" అన్నారు ఆవిడ.

"ఆకు నీడేమోనండీ," అన్నాను.

"తోకంటే తోకే. నేను చూశానుగా!"

"టీచరుగారు మార్కులేసేశారు, ఇంక ఊరుకోండి," అని మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

అవతలినుంచి బనీను ఆయన కేక వేశారు. "ఏమోయ్, అక్కడేం చేస్తున్నావ్?"

"మీరు లోపలికి వెళ్లండి! ఆ తెల్ల బనీను చూసి బెదిరిపోతోంది!"

"ఏది బెదిరిపోతోంది?"

ఆవిడ అప్పటికే మోచేతులు కమ్మీకి ఆనించి, మళ్లీ కన్ను పెట్టేశారు. మా ఆవిడ టీచరుగారి వెనక ఒక స్టూలు వేసింది. నా వంతు ఎప్పుడొస్తుందా అని నేను పక్కన నిలబడ్డాను. తొందరేమీ అనిపించలేదు.