ఉపవాసాల పార్వతీదేవి

బంధువర్గంలో పార్వతీదేవికి ఉపవాసాల మనిషని పేరు. రెండేళ్లుగా ఏ పెళ్లికి వెళ్లినా ఏకాదశనో, సోమవారమనో, మొక్కనో చెప్పి పంక్తిలో కూర్చోలేదు. మొదట్లో జాలిపడ్డవాళ్లే ఇప్పుడు దండాలు పెడుతున్నారు.

అసలు సంగతి ఆమె వేళ్లది. కీళ్లవాతం వాటిని ఒక పక్కకి వంచేసింది. తెల్లవారేసరికి కొయ్యబారతాయి, ఎండెక్కితే గాని కదలవు. కదిలినా ముద్ద చేరదు, మెతుకులు ఒళ్లో రాలతాయి. ఇంట్లోనైతే ఓ చెంచా ఉంది. బట్టలకొట్టు నడిపే భర్త ఉమాపతి దాని పిడికి పొందూరు ఖద్దరు పేలిక దళసరిగా చుట్టి ఇచ్చాడు. అందరి భోజనాలూ అయ్యాక, వంటింటి తలుపు వేసుకుని దానితో తినేది. నొప్పికి ఆస్ప్రిన్ మాత్రలున్నాయి. ఎవరైనా చూస్తారేమోనన్న తలపుకి ఏ మాత్రా లేదు.

బొబ్బిలిలో తమ్ముడి కూతురి పెళ్లి. పనసపొట్టు కూరలో పెట్టిన ఆవ ఘాటు పందిరంతా కమ్ముకుంది. ఆమెకి కడుపు నకనకలాడుతోంది. మరదలు కన్యాకుమారి రెండు అరటిపళ్లు పళ్లెంలో భక్తిగా తెచ్చి పెట్టింది.

"నీకు ఉపాసం కదా వదినా, ఇవి తిను. మా పిల్ల కడుపు పండాలని దాని పేరున కూడా కొన్ని వారాలుండు. నువ్వుంటే దేవుడు కాదనడు."

పార్వతీదేవి పండు తొడిమ విరవబోయింది. వేళ్లు జారాయి. మళ్లీ జారాయి. లోలోపల ఏదో జపం చేసుకుంటోందనుకుని పక్కనున్న ఆడవాళ్లు చేతులు జోడించారు.

ఆమెకి నవ్వొచ్చింది. చేతుల్ని దాచబోయి ఆకలిని దాచింది. ఇప్పుడు ఆ ఆకలికి ఓ పిల్ల కడుపుపంటని కూడా ముడిపెడుతున్నారు.

"ఒసే కన్యా, నాకు ఉపాసమూ లేదు, గిపాసమూ లేదు. ఆకెయ్యి."

"మరి ఇన్నాళ్లూ?"

"అబద్ధమే. ముద్ద కట్టలేక సెప్పినాను. ఇదిగో, సూడు." రెండు చేతులూ చాపింది.

ఆ వంకర వేళ్లు చూసి కన్యాకుమారికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుపు తరవాత. ముందు అన్నం సల్లారిపోతాది."

గోడవారగా పీట వేయించుకుని కూర్చుంది. ఊరెళ్లినా సంచి అడుగున దాచి తెచ్చుకునే ఆ ఖద్దరు పిడి చెంచా తీసింది. పక్క ఆకు దగ్గరున్న పిన్ని లక్ష్మీనరసమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"ఇదేటే, దొరసానివైపోనావు?"

"అయిపోనాను పిన్నీ. దొరసానికి ఆకలేస్తన్నాది. అలా సూస్తే నీ అప్పడం కూడా తినేస్తాను."

పంక్తంతా ఘొల్లుమంది. ఆ నవ్వు తగలగానే లోపల ముడుచుకుపోతానని పార్వతీదేవి కాసేపు ఎదురుచూసింది. ఏమీ ముడుచుకోలేదు. పనసపొట్టు మారు వేయించుకుంది. కన్యాకుమారి అరటిపండు వలిచి ఆకు చివర పెట్టింది.

వచ్చే నెల సాలూరులో ఇంకో పెళ్లి ఉంది. అక్కడ ఏం కూర చేస్తున్నారో కనుక్కోవాలి.