వేరే సరుకు

ఫ్రిజ్జాయన మోకాళ్ల మీద కూర్చుని, చీపురుపుల్లతో ఫ్రిజ్జు వెనక జాలీలో పేరుకున్న దుమ్ము లాగుతుండగా ఫోను మోగింది. కొత్త మేనేజరు.

"అంకుల్, మూలకొట్టుకి రండి. నేనూ వస్తున్నా. అక్కడి ఫ్రిజ్జు ఎత్తేద్దాం."

చేతిలో పుల్ల విరిగింది.

ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కూల్‌డ్రింకుల కంపెనీ దుకాణాలకు ఊరికే ఇచ్చే ఫ్రిజ్జులన్నిటికీ ఆయనే వైద్యుడు. పొట్టి మనిషి. బరువులు మోసి మోసి ఒక భుజం కిందికి జారింది. చేతుల నిండా రేకులు కోసిన గీతలు. ఊరికే ఇచ్చే ఫ్రిజ్జుకు ఒకటే షరతు. లోపల కంపెనీ సరుకు తప్ప వేరే సరుకు ఉండకూడదు. ఆయన నెలనెలా వెళ్లి, తలుపు తెరిచి, ఫోటో తీసి పంపాలి. మూలకొట్టు దగ్గర మాత్రం ముందు పై అరలోని చిన్న అట్టపెట్టె తీసి జేబులో వేసుకునేవాడు. ఫోటో అయ్యాక మళ్లీ పెట్టేసేవాడు.

అది బావ ఇన్సులిన్.

బావంటే వరసకి కాదు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే లారీ మీద సీసాల పెట్టెలెత్తారు. గోదాములో మంచినీళ్ల కుళాయి లేదు. పెట్టించమని అడిగితే, "నీళ్లెందుకురా, సీసాలున్నాయిగా, ఎన్నయినా తాగండి" అన్నారు. ఇద్దరూ ఎగిరి గంతేశారు. దాహానికీ అదే, ఆకలికీ అదే. కొన్నాళ్లకు ఫ్రిజ్జాయనకి తీపి వెగటు పుట్టి ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకున్నాడు. బావ మానలేదు. షుగరొచ్చింది. కుడి పాదం తీసేశారు. ఒంటికాలితో పెట్టెలెత్తలేడు కదా, పనిలోంచీ తీసేశారు. అప్పట్నుంచి భార్యతో కలిసి ఈ మూలకొట్టు నడుపుకుంటున్నాడు.

ఫ్రిజ్జాయన కంపెనీ బండిని పరుగులు పెట్టించాడు. మేనేజరు కంటే ముందు చేరాలి. పెట్టె మాయం చేయాలి.

మూలకొట్టు ఎదురుగా బర్గర్ల దుకాణం పట్టపగలే దీపాలు వెలిగించుకుని కూర్చుంది. అద్దం మీద బకెట్టంత గ్లాసు బొమ్మ.

"ఏంటి బావా ఆ పరుగు? కుక్కలు తరిమాయా?" కొట్టులో కుర్చీలోంచి బావ పలకరించాడు.

"కుక్క వెనకాల వస్తోంది. చెల్లెమ్మా, ఆ పెట్టె తీసి దాచెయ్, త్వరగా!"

బావ భార్య చిల్లర డబ్బా వదిలేసి లేచింది. ఆలస్యమైపోయింది. కారు తలుపు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా మేనేజరు నేరుగా వచ్చి ఫ్రిజ్జు తెరిచాడు. అట్టపెట్టెను రెండు వేళ్లతో, చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు పైకెత్తాడు.

"ఏంటిది?"

"మందు బాబూ. చల్లగా ఉండాలన్నారు."

"ఇది కంపెనీ ఫ్రిజ్జమ్మా, ఆసుపత్రి కాదు. వేరే సరుకు పెట్టకూడదని సంతకం పెట్టారుగా?"

"ఈ రోగం కంపెనీలో సంపాదించిందే బాబూ," అన్నాడు బావ. "సొంత సరుకే అనుకో."

మేనేజరు నవ్వలేదు. "ఎదురుగా వాళ్లు మన డ్రింకు బకెట్లతో అమ్ముతున్నారు. మీ దగ్గర సీసా కదలదు. అంకుల్, ఎత్తండి."

"ఇది పోతే ఈ ఎండల్లో మందెక్కడ పెట్టనన్నయ్యా?" అంది చెల్లెమ్మ.

ఫ్రిజ్జాయన ఆమె ముఖం చూడలేదు. "మోటారు చూస్తాను సార్" అని వెనక్కి వంగాడు. మోటారును నడిపించే రిలే అగ్గిపెట్టెంత ఉంటుంది. చటుక్కున పీకి గుప్పిట మూశాడు. ఫ్రిజ్జు మూలిగి ఆగిపోయింది.

"కంప్రెసరు పోయింది సార్. గోదాముకి మోసుకెళ్లడం కూడా దండగ."

మేనేజరు స్విచ్చి వేసి, ఆపి, మళ్లీ వేశాడు. తలుపుకి చెవి ఆనించాడు. ఫ్రిజ్జాయన గుప్పిటను జేబులోకి దోపాడు.

"సరే, తుక్కు కింద రాసేస్తా. ఇక్కడే పడి ఉండనీ."

మేనేజరు వెనక నుంచి బావ కన్ను గీటాడు. చెల్లెమ్మ మందుపెట్టెకు తడిగుడ్డ చుట్టింది.

మేనేజరు ఫ్రిజ్జాయన్ని వదల్లేదు. సాయంత్రం దాకా దుకాణం వెంట దుకాణం తిప్పాడు. రిలే జేబులోనే ఉంది. పని దిగగానే తిరిగి వెళ్లేసరికి కొట్టు ముందు జనం.

"అన్నం తిని కునుకు తీశాడన్నయ్యా," అంది చెల్లెమ్మ. "లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు."

బావ కుర్చీలోనే ఉన్నాడు. గడ్డం గుండెల మీదికి వాలి ఉంది.

ఫ్రిజ్జాయన ఫ్రిజ్జు వెనక కూర్చుని రిలే బిగించాడు. మోటారు గుర్రుమంది.

"ఇప్పుడెందుకన్నయ్యా?"



కారు మళ్లీ వచ్చింది. డ్రైవరు ఐసు పోసిన రెండు పెట్టెల సీసాలు దించి గుమ్మం పక్కన పెట్టాడు.

"మా పాత వర్కరట కదా, ఇప్పుడే తెలిసింది. కంపెనీ తరఫున ఇది. వచ్చినవాళ్లకి తలా ఒకటివ్వండి," అని మేనేజరు ఫోను తీశాడు. "ఒక్క ఫోటో. పెట్టెలు కనబడాలి." అంతలో అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అంకుల్, ఇది చచ్చిపోయిందన్నారుగా?"

"చచ్చిపోయింది ఇది కాదు."

"అంటే నన్ను మోసం చేశారా? పొద్దున్నే బండి తెచ్చి ఎత్తండి. మీ సంగతి తరువాత చూస్తా!"

"ఇన్నేళ్లూ నువ్వూ నీలాంటోళ్లూ ఏది ఎత్తమంటే అది ఎత్తాను. ఇది ఎత్తను. ఇక ఏదీ ఎత్తను." బండి తాళాలు అతని చేతిలో కుక్కాడు. "ఫోటో కావాలా? రా, దగ్గరికి రా. ఆ పాదం లేని కాలు కనబడేలా తీసుకో. కింద కంపెనీ పేరు పెద్దక్షరాలతో వేసుకో!"

జనం మేనేజరు వైపు ఒక అడుగు జరిగారు. అతను కారెక్కేశాడు.

ఎవరో బిందెతో మంచినీళ్లు తెచ్చారు. అందరూ అవే తాగారు. గుమ్మం పక్క పెట్టెల్లో ఐసు కరిగి నీరయింది. సీసాలు ఒకదానికొకటి ఆనుకుని వెచ్చబడుతున్నాయి, ఒక్కదాని మూతా ఊడలేదు.