వాపసు రాని ఆర్డరు

కంకర మిల్లు బెల్టులో పడి చనిపోయిన బెన్నీ శవపెట్టెను శామీర్‌పేట దారిలో పోలీసులు ఆపేశారు. మోస్తున్నది అతనితో పనిచేసిన కూలీలు. పనిలో మనిషి పోతే పెట్టెను మిల్లు గేటు ముందు దించుతారు. యజమాని బయటికొచ్చి ఇంటివాళ్లకు జవాబు చెప్పాకే సమాధుల తోటకు తీసుకుపోతారు. అది వాళ్ల పద్ధతి.

"గుంపుగా పోవద్దు. పర్మిషన్ లేదు," అన్నాడు ఎస్సై.

"సావుకు పర్మిషనేంది సారూ?"

"కార్గిల్ యుద్ధమప్పటి ఆర్డరు."

"యుద్ధం ఎప్పుడో అయిపాయె గద! బతుకమ్మ పండుగ గూడ దాటిపాయె!"

"యుద్ధం అయిపోయింది. ఆర్డరు వాపసు రాలేదు."

చదువుకునే తమ్ముళ్లూ, కోపమొస్తోందా? రావాలి. కానీ అందులో సగం మనవైపు తిప్పుకోండి. ఆ ఆర్డరుకు తలూపి వచ్చింది మనవాళ్లే.

ఆ ఎండాకాలం టీవీలో జెండా కప్పిన జవాన్ల పెట్టెలు చూసి అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. కూలీ సంఘం నాయకుడు సాలోమోను మీటింగులో ఏడుస్తూనే చెప్పాడు. "జవాన్లు పానాలిస్తుండ్రు. మనం ధర్నాలు బంద్ పెడ్దాం. గుంపు గూడొద్దని పోలీసులు ఆర్డరిచ్చిండ్రు, ఒప్పుకుందాం." చప్పట్లు మోగాయి. కొత్త కాలనీలో ఉండే బ్యాంకు ఉద్యోగి శ్రీనివాసరావు కూడా వచ్చి మెచ్చుకున్నాడు. "ఆపదలో ప్రభుత్వానికి పగ్గాలు వెయ్యకూడదండీ. శాంతి వచ్చాక మన హక్కులు ఎక్కడికి పోతాయి?"

రాళ్లు మోసే తారాబాయి ఒక్కతే లేచింది. "దొంగల భయముందని తాళంచెవులు పటేలు చేతుల పెడితే, దొంగలు పోయినంక వాపసిస్తడా? జవాన్లకు రక్తమిద్దాం, బువ్వ పంపుదాం. మన నోరెందుకియ్యాలె?"

"దేశమంటే పట్టదా నీకు?" అని అరిచి ఆమెను కూచోబెట్టారు. అరిచినవాళ్లలో బెన్నీ కూడా ఉన్నాడు, పాపం. ఆ మర్నాడు అందరూ డప్పు కొట్టుకుంటూ ఊరేగింపుగా పోయి, ఇక ఊరేగింపులు చెయ్యమని ఎస్సైకి మాటిచ్చారు. నవ్వొస్తోందా? నాకు ఏడుపొస్తుంది.

అప్పటినుంచి మిల్లు యజమానిది ఆడింది ఆట. మనుషులు పడకుండా బెల్టుకు ఇనుప జాలీ బిగించమని కూలీలు గేటు దగ్గర నిలబడితే చాలు, జీపు వచ్చేది. "ఆర్డరుంది," అని చెదరగొట్టేవాళ్లు. జాలీ లేని ఆ బెల్టే బెన్నీని లాక్కుంది.

ఇప్పుడు రోడ్డు మీద కూలీలు వాదులాడుకుంటున్నారు.

"ఎదురు పోతే కొడ్తరే!"

"ఇయ్యాల ఆగితే రేపు ఏడ్సేతందుకు గూడ పర్మిషన్ అడగాలె!"

"భయమైతే జనం జల్దీ ఇచ్చేస్తరు," అంది తారాబాయి. "మళ్ల గుంజుకునుడే కష్టం. గుంజుకోకుంటే ఎవ్వడియ్యడు."

రోడ్డు పక్కనున్న కాలనీ గేటు దగ్గరనుంచి శ్రీనివాసరావు నసిగాడు. "యుద్ధం అయిపోయింది కదండీ, ఎస్సైగారూ..."

"మీకెందుకు సార్? లోపలికి పోండి."

అతను పోలేదు. సిగ్గుతో తలవంచుకుని అక్కడే నిలబడ్డాడు.

సాలోమోను బెన్నీ తల్లి ఎలీషమ్మ కాళ్ల మీద పడ్డాడు. "అమ్మా, నీ కొడుకును నేనే సంపిన. ఆ మాట ఇప్పిచ్చింది నేనే."

ఎలీషమ్మ కళ్లు తుడుచుకుంది. అతని రెక్క పట్టి లేపింది.

"నీ తప్పు తర్వాత మోద్దువు గని, ముందుగాల నా కొడుకును మొయ్యి."

సాలోమోను భుజం పెట్టాడు. జనం కదిలారు. లాఠీలు లేచాయి. సాలోమోనును ఈడ్చుకుపోయి జీపులో పడేశారు. అతని చోట తారాబాయి భుజం పెట్టింది. ఆమెను జుట్టు పట్టి లాగితే ఆ చోట ఇంకొకరు వచ్చారు. నెత్తురు కారుతున్నా ఎవరూ పెట్టె వదల్లేదు. చూస్తూ చూస్తూ ఉండలేక శ్రీనివాసరావు చెప్పులు అక్కడే వదిలేసి వచ్చి పెట్టె అంచు పట్టుకున్నాడు.

పెట్టె మిల్లు గేటు ముందే దిగింది. జనం దాని చుట్టూ కూచున్నారు. యజమాని ఇంకా బయటికి రాలేదు. జనం ఇంకా లేవలేదు.