డాలు మీది వేటకుక్క ఎటు చూడాలి

వెన్‌బ్రూక్ చర్చి తలుపు పొద్దున్నే తీసేది బ్రాక్‌లీ వారింటి వంటమనిషి మిసెస్ గాసేజ్. తీసి చటుక్కున పక్కకి తప్పుకునేది. తప్పుకోకపోతే మార్టన్ వారి అడవిపంది తోసుకుని పోయేది మరి. ఆ చుట్టుపక్కల జమీందార్ల వంశచిహ్నాలు డాళ్ళుగా, చెక్కపలకల మీద రంగుల్లో, చర్చి గోడల నిండా వేలాడుతుండేవి. డాళ్ళ మీది జంతువులు తెల్లారగానే దిగి, వాగులో నీళ్ళు తాగి, కాసేపు ఎండ కాగి, ప్రార్థన గంట మోగేలోపు వేటి డాలు మీదికి అవి ఎక్కేసేవి. ఇంకో ఇంటివాళ్ళ పిట్టలకి బొమ్మలోనే కాళ్ళు వెయ్యలేదు. వాలడానికి వీల్లేక, పాపం, గంట మోగేదాకా గోపురం చుట్టూ తిరుగుతూనే ఉండేవి.

"పంది మళ్ళీ నా క్యాబేజీలు తొక్కింది" అని రైతు హాబ్స్ వచ్చి నిలబడితే, "నా పందా ఏమన్నా? లేడీ మార్టన్ గారి పంది. దమ్ముంటే వెళ్ళి ఆవిడతో చెప్పు" అనేది గాసేజ్. హాబ్స్ నోరు మూసుకుని పోయేవాడు.

జంతువులు తిరగొచ్చు, తొక్కొచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ డాలు ఎక్కాక మాత్రం ఎడమకి తిరిగి నిలబడాలి. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళ ఎడమకి. కుడికి తిరిగిందంటే ఆ వంశం యుద్ధంలోంచి పారిపోయినట్టే. ఇక పెళ్ళయితే డాలుని నిలువునా రెండు చేసి, ఎడమ సగంలో మొగుడి జంతువునీ కుడి సగంలో పెళ్ళాం జంతువునీ వేస్తారు. రెండూ ఎడమకే చూడాలంటే ఏమవుతుందో మీరే చూసుకోండి. పెళ్ళాం జంతువు మొగుడి వీపు చూస్తూ ఉంటుంది, మొగుడి జంతువు గోడ చూస్తూ ఉంటుంది. ఇన్ని వందల ఏళ్ళలో ఇందులో తప్పుందని ఒక్కరికీ తోచలేదు.

బ్రాక్‌లీ వారిది తెల్ల వేటకుక్క. కొండ అవతలి పెల్వర్డీన్ వారిది కుందేలు. పెల్వర్డీన్ వారి సిబిల్‌ని సర్ గాడ్‌ఫ్రీ బ్రాక్‌లీకి ఇచ్చి చేసినప్పుడు, కుక్కనీ కుందేలునీ ఒకే డాలులో పెడుతున్నారేమిటని ఊరంతా నవ్వుకుంది. నవ్వినంత ప్రమాదమేమీ జరగలేదు. కుక్క కుందేలుని తరమలేదు. అసలు అటు చూస్తేగా.

సర్ గాడ్‌ఫ్రీ కూడా అంతే. ముప్పై ఏళ్ళ కాపురంలో కొట్టలేదు, తిట్టలేదు, చూడలేదు. ఉదయం ఫలహారానికి కుర్చీ కిటికీవైపు తిప్పుకుని, బయట వేటకుక్కలకి మాంసం వేస్తుంటే చూస్తూ గుడ్డు తినేవాడు. సిబిల్ ఆయన మెడతోనే మాట్లాడేది. చలికాలంలో ఆ మెడ ఎప్పుడు ఎర్రబడుతుందో, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఎక్కడుందో ఆవిడకి తెలుసు. కళ్ళు ఏ రంగని ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆలోచించుకునేది.

ఆయన నవంబరు వానలో వేటకి వెళ్ళి, జ్వరం తెచ్చుకుని పోయాడు. ఆనవాయితీ ప్రకారం చావుపలక రాయించారు. మూల మీద నిలబెట్టిన చదరపు పలక అది. పోయినవాడి సగం వెనక నలుపు, బతికున్న మనిషి సగం వెనక తెలుపు వేస్తారు. నలుపు మీద కుక్క, తెలుపు మీద కుందేలు. దాన్ని మేడ వీధి గుమ్మం పైన ఏడాది పాటు వేలాడదీసి, ఆ తరవాత చర్చిలో పెడతారు.

అంత్యక్రియలయ్యాక సిబిల్ అన్న ఆంబ్రోజ్ పెల్వర్డీన్ చెల్లెల్ని పక్కకి పిలిచాడు. పెళ్ళి చేసుకోనివాడు, వంశచిహ్నాల మాటెత్తితే తిండి కూడా అక్కర్లేనివాడు.

"పిల్లా జెల్లా లేరు. ఇంత కొంపలో ఒక్కదానివీ ఏం చేస్తావు? మనింటికి వచ్చెయ్యి సిబిల్."

"ఈ ఇల్లు నేను బతికినన్నాళ్ళూ నాదే కదా అన్నయ్యా."

"నీది సరే. నీకిక్కడ ఎవరున్నారు?"

పలక దించేలోపు ఏదో ఒక మాట చెబుతానంది. నిజానికి ఆవిడ మనసులో ఉన్నది ఒక్కటే ప్రశ్న. నేను ఈ ఇంట్లో ఉన్నట్టు ఆ మనిషికి ఏనాడైనా తెలిసిందా? తెలియకపోతే వెళ్ళిపోవడమే మంచిది. కానీ పోయినవాణ్ణి ఎలా అడగడం?

వేసవి మొదట్లో గాసేజ్ చేతికి పిండితోనే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మగారూ, మన కుక్క మెడ తిప్పింది."

సిబిల్ గుమ్మం బయటికి వచ్చి తలెత్తి చూసింది. నలుపు మీద తెల్ల వేటకుక్క, ఒళ్ళు ఎడమకే ఉంది గానీ తల మాత్రం వెనక్కి తిరిగి ఉంది. ఇంకో వారానికి ఒళ్ళంతా తిరిగిపోయింది. కుందేలుకి ఎదురుగా నిలబడి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది.

ఊరు గుప్పుమంది. పాస్టర్ గారు వచ్చి చూసి టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. "దిగి నీళ్ళు తాగడం వేరు. దిక్కు మారి నిలబడ్డం వేరు. ఎంత జంతువైతే మాత్రం, పద్ధతుండొద్దూ?" అన్నాడు హాబ్స్, ఎప్పుడూ పద్ధతిగా బతికినవాడిలా.

ఆంబ్రోజ్ బండి కట్టించుకుని, పలక రాసిన టఫ్‌నెల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. టఫ్‌నెల్ నిచ్చెనెక్కి, కుక్కని చెరిపి, ఎడమకి తిప్పి మళ్ళీ వేశాడు. మర్నాడు చూస్తే గుర్రాల నీళ్ళతొట్టి దాకా గడ్డి మీద తెల్లరంగు అడుగులున్నాయి. పలక మీద కుక్క మళ్ళీ కుందేలునే చూస్తోంది.

"నేను సరిగ్గానే వేశానండి. అదే తిరిగింది" అన్నాడు టఫ్‌నెల్.

ఆంబ్రోజ్ ముఖం కందగడ్డయింది. "ఇది బ్రాక్‌లీ వంశానికే అప్రతిష్ఠ. వీపు చూపించడమంటే ఏమిటో తెలుసా సిబిల్ నీకు?"

"తెలియకేం అన్నయ్యా. ముప్పై ఏళ్ళు చూశాను."

టఫ్‌నెల్ నిచ్చెన దించుకున్నాడు.

ఆ సాయంత్రం సిబిల్ కుర్చీ తెప్పించుకుని గుమ్మం ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళూ అడగాలనుకున్నదానికి జవాబు కళ్ళెదుట ఉంది. సంతోషం వస్తుందనుకుంటే కోపం వచ్చింది.

"ఇప్పుడా?" అంది కుక్కతో. "మేడ మెట్ల మీద జారిపడ్డ రోజు చూడలేదు. మా అమ్మ పోయిన రోజు చూడలేదు. ఇప్పుడు చూస్తావా?"

కుక్క రెప్ప వెయ్యలేదు. సిబిల్ కొంగు లేని మనిషి కాబట్టి రుమాలుతో ముఖం కప్పుకుని, కడుపులోని దుఃఖమంతా పోయేదాకా ఏడ్చింది. గాసేజ్ వెనకాల నిలబడి, "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే" అంది మెల్లిగా. అని టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

మళ్ళీ నవంబరు వచ్చింది. పలక దించే రోజు ఆంబ్రోజ్ చెల్లెలి సామాన్ల కోసం పెద్ద బండే తెచ్చాడు. ఆవిడ పెట్టెలు సర్దుకునే ఉంది. హాబ్స్ నిచ్చెనెక్కి, పలక మీద చెయ్యి వేసి, కిందికి తొంగి చూశాడు.

"అమ్మగారూ, కుందేలు..."

"ఏమైంది? పారిపోయిందా?"

"లేదండి. తిరిగింది."

పలక దించి గడ్డి మీద పెట్టారు. కుక్క యథాప్రకారం కుందేలుని చూస్తోంది. కుందేలు మాత్రం కుడికి తిరిగి, చెవులు నిక్కబొడుచుకుని, కుక్కకి నిండుగా వీపు చూపిస్తూ కూర్చుంది. తెల్లని తన సగంలో తనే రాణి.

మొదట గాసేజ్‌కి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. ఆ వెంటనే సిబిల్ నవ్వింది. ఏడాది కాదు, ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ఇంటి గుమ్మంలో ఆవిడ అలా పకపకా నవ్వడం ఎవరూ వినలేదు.

"ఇందులో నవ్వేదేముంది?" అన్నాడు ఆంబ్రోజ్. "ఇప్పుడు రెండు వంశాల పరువూ పోయింది. పద, బండెక్కు."

"నేను రావడం లేదన్నయ్యా."

"ఇంత జరిగాక ఎవరి కోసం ఉంటావు ఇక్కడ? వాడి కోసమా?"

"నా కోసం. ఇప్పుడు నా వంతు. చూడనీ, ఒక ముప్పై ఏళ్ళు."

ఆంబ్రోజ్ ఖాళీ బండితో కొండెక్కి వెళ్ళిపోయాడు. పలకని వెన్‌బ్రూక్ చర్చిలో పంది పక్కన వేలాడదీశారు.

మర్నాడు ఫలహారం వేళ సిబిల్ భర్త కుర్చీలో, కిటికీవైపు తిరిగి కూర్చుంది. బయట మంచు మీద ఎండ పడుతోంది.

"గాలి మెడకి కొడుతుంది అమ్మగారూ. ఇటు తిరిగి కూర్చోండి" అంది గాసేజ్.

"కొట్టనీలే."

చర్చి తలుపు అప్పటికే తీసి ఉంది. పొలాలకి అడ్డంపడి వచ్చిన తెల్ల వేటకుక్క వంటింటి గుమ్మంలోంచి చప్పుడు లేకుండా లోపలికి వచ్చి, సిబిల్ కుర్చీ వెనకాల పడుకుంది. తల ఎత్తి ఆవిడ మెడకేసి చూస్తూ ఉంది. అది వచ్చిందని ఆవిడకి తెలుసు, అయినా తిరగలేదు. గుడ్డు తింది, టీ తాగింది, మంచు కరగడం చూసింది. ప్రార్థన గంట మోగే వేళకి కుక్క లేవబోయింది. అప్పుడు సిబిల్ కిటికీలోంచి చూపు తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచి, దానికి ఒక రొట్టెముక్క పెట్టింది.