అత్తయ్య చేతుల్లోకి

ఆ వీధిలో సగం మంది పిల్లలు మంత్రసాని చేతుల్లోనే తొలి ఊపిరి తీశారు. ఆమె హస్తవాసి మంచిదని పేరు. ఎవరిని ఇంట్లో కననివ్వాలో, ఎవరిని ఆసుపత్రికి పంపాలో కూడా ఆమెకు తెలుసు. మొండికేసే మగవాళ్లను "బిడ్డ నీ కడుపులో ఉందా?" అని నోరు మూయించి మరీ ఆటో పిలిపించేది.

ఆమె కొడుకు బస్సు డ్రైవరు. కోడలు చొక్కాల కంపెనీలో కాలర్లు కుడుతుంది. నెల తప్పిందని తెలిసిన రోజే కోడలు తేల్చి చెప్పింది.

"నేను ఇంట్లోనే కంటానత్తయ్యా. ఆసుపత్రిలో కదలనివ్వరట, అరిస్తే కసురుకుంటారట. మీరుండగా నాకా ఖర్మేంటి?"

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే."

"ఆ సామెత చెప్పినవాడికి మీలాంటి అత్త ఉండి ఉండదు."

మంత్రసాని నవ్వింది గానీ స్కాన్ ఒక్కటి కూడా మాననివ్వలేదు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆమె పాత మెత్తటి గుడ్డలు ఉడకబెట్టి, ఆరబెట్టి మడతలు పెట్టింది. మంచం కిర్రుమంటోందని కొడుకు మేకులు బిగించాడు.

తొమ్మిదో నెలలో ఒక ఉదయం కోడలు వంటగది గుమ్మంలో నిలబడి, "మీ మనవరాలికి నిన్నటి నుంచి బద్ధకంగా ఉన్నట్టుందత్తయ్యా, కదలట్లేదు," అంది. మనవరాలని ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది.

మంత్రసాని పొయ్యి ఆపేసింది. ఆమెను పడుకోబెట్టి, చెక్క గొట్టం పొట్టకు ఆనించి చెవి పెట్టింది. ఎడమ పక్క విన్నది. కుడి పక్క విన్నది. కిందికి జరిపి మళ్లీ విన్నది. బిడ్డ గుండె చప్పుడు ఎక్కడా లేదు.

"ఏమంటోంది?"

"నా చెవులకు వయసొచ్చిందమ్మా. ఆసుపత్రిలో మిషను పెట్టి చూపిద్దాం పద."

ఆటోలో కోడలు దారి పొడుగునా పేర్లు ఏకరువు పెట్టింది. మంత్రసాని అన్నిటికీ ఊఁ కొట్టింది.

డాక్టరమ్మ తెర వంక చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని కోడలి చెయ్యి పట్టుకుంది.

"గుండె కొట్టుకోవడం లేదమ్మా. ఎలా చెప్పాలో తెలియడం లేదు."

కోడలు ఏడవలేదు. అత్త వైపు తిరిగింది. "మీకు ఇంట్లోనే తెలుసు."

"తెలుసు."

"తెలిసీ నన్ను పేర్లు చెప్పనిచ్చారా?"

"నా నోటితో రాలేదు తల్లీ. నా చెవులదే పొరపాటు కావాలని దారంతా మొక్కుకున్నాను."

మందిచ్చి నొప్పులు తెప్పించాలన్నారు. "నన్ను ఇంటికి తీసుకెళ్లండి," అంది కోడలు. "అనుకున్నట్టే ఇంట్లో కంటాను. ఇక పోయేదేముంది?"

"నువ్వున్నావు. రక్తం ఆగకపోతే అక్కడ నా దగ్గర ఈ రెండు చేతులే ఉంటాయి. నన్ను తిట్టు, జన్మంతా మాట్లాడకు. ఇంటికి మాత్రం తీసుకెళ్లను."

కొడుకు బస్సు డిపోలో అప్పగించి, యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ మంత్రసానిని లోపలే ఉండనిచ్చింది. కోడలు మంచం పట్టీ పట్టుకుని నిలబడి, మోకాళ్ల మీద వాలి, చివరికి అత్త మెడ చుట్టూ చేతులు వేసి నొప్పులు పడింది. పక్క గదిలో ఎవరి బిడ్డో కేరుమంది. కోడలి ఒళ్లంతా బిగుసుకుపోయింది. మంత్రసాని రెండు అరచేతులతో ఆమె చెవులు మూసింది.

ఎండ వాలుతుండగా తల కనిపించింది. డాక్టరమ్మ పక్కకు జరిగి, "మీరే పట్టుకోండమ్మా," అంది.

ఆడపిల్ల. బొడ్డుతాడులో గట్టిగా బిగిసిన ముడి. ఆ నిశ్శబ్దంలో కత్తెర చప్పుడు పెద్దగా వినిపించింది.

నర్సు గుడ్డ కప్పబోతూ, "చూడకపోతేనే మంచిదేమో," అంది జాలిగా. కోడలు చేతులు చాచి, "ఇవ్వండి," అంది.

నర్సు గోరువెచ్చటి నీళ్లు తెచ్చింది. మంత్రసాని బతికున్న బిడ్డకు పోసినట్టే తల కింద చెయ్యి పెట్టి నీళ్లు పోసి, తుడిచి, తల్లి ఒళ్లో పెట్టింది. కొడుకు ఆ చిన్న పాదాన్ని పిడికిట్లో దాచుకుని నేల మీద కూలబడ్డాడు.

కాసేపటికే రక్తం ధారకట్టింది. డాక్టరమ్మ, నర్సులు పరుగులు పెట్టారు. రక్తం ఎక్కించారు, ఏవేవో సూదులు వేశారు. ఎప్పటికో ఆగింది. అప్పటిదాకా మంత్రసాని గోడకు ఆనుకుని నిలబడే ఉంది.

వీధి నోరు ఊరుకోలేదు. ఊరందరికీ పురుడు పోసి సొంత మనవరాలిని దక్కించుకోలేకపోయిందన్నారు కొందరు. ఇంట్లో కననిచ్చి ఉంటే బతికేదేమోనన్నారు ఇంకొందరు. కోడలు అత్తతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. పాలొచ్చి రొమ్ములు రాళ్లలా గట్టిపడి జ్వరమొచ్చినప్పుడు, అత్త తడిగుడ్డలు వేస్తుంటే మాత్రం వద్దనలేదు.

ఒక మధ్యాహ్నం అలా గుడ్డ మారుస్తుండగా అడిగింది. "కదలట్లేదని ముందు రోజే చెప్పుంటే బతికేదా?"

"ఏమో తల్లీ. ఆ ముడి ఎప్పుడు బిగిసిందో నాకు తెలియదు, డాక్టరమ్మకూ తెలియదు. నీ తప్పు మాత్రం కాదు."

కోడలు తడిగుడ్డను పక్కకు జరిపింది. "ఒళ్లో పెట్టారు గానీ కన్నీళ్లలో నాకేమీ సరిగ్గా కనబడలేదు. మొహం గుర్తు తెచ్చుకుందామంటే రావట్లేదు. మీరు చూశారుగా. ఎలా ఉంది?"

మంత్రసాని చేతులు తుడుచుకుని పక్కన కూర్చుంది. "జుట్టు ఒత్తుగా ఉంది, నీలాగే. చెవులు మీ ఆయనవి, పైన కొంచెం మడత. కింది పెదవి..."

"చెప్పండత్తయ్యా."

"కింది పెదవి ముందుకు పెట్టుకుంది. అలిగినట్టు."

కోడలు అత్త భుజం మీద తల వాల్చి, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. డ్యూటీకి బయల్దేరిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గోళ్లు?" అంది కోడలు వెక్కుతూ.

"పెరిగాయి," అంది మంత్రసాని. "తీయాల్సినంత పెరిగాయి."