మామయ్య ప్రార్థనలో సబ్బుపొడి

మా ఎవెలియో మామయ్య పోయాడు. చావింట్లో తొమ్మిది రోజులూ సాయంత్రం జపమాల చెప్పాలి. ఆఖరి రోజైతే మధ్యలో తెగకుండా చెప్పాలి. తెగితే పోయినవాడు గడప దాటలేడని మా జుయిగల్పా ఊళ్ళో అందరి నమ్మకం. ఊళ్ళో ఎవరు పోయినా ముందుండి జపం చెప్పించే ముసలావిడ చెపితమ్మకేమో గొంతు పూర్తిగా పోయింది. దాంతో ఏదో వెబ్‌సైట్లో ఒక పాదిరీ చదివిన జపమాలని ఫోన్లో పెట్టి, పెద్ద స్పీకరుకి తగిలించారు.

మొదటి రోజే పరువు పోయింది. పాదిరీ ఒక్కో పునీతుడి పేరు చెబుతున్నాడు, మేము కళ్ళు మూసుకుని "మా కొరకు ప్రార్థించండి" అంటున్నాం. ఉన్నట్టుండి ఒకమ్మాయి గొంతు "రెండు సబ్బుపొడి ప్యాకెట్లు కొంటే మూడోది ఉచితం!" అంది. అలవాటైన నోళ్ళు కదా, అందరం ఒక్కసారిగా "మా కొరకు ప్రార్థించండి" అనేశాం! వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఓతిలియా అత్తయ్య మొహం చూడలేకపోయాను.

"ఆఖరి రోజూ ఇలాగే అయితే మీ మామయ్య వెళ్ళేదెలాగే, యాదిరా?" అని నా చెయ్యి పట్టుకుంది.

"నాకొదిలెయ్యి అత్తయ్యా."

సంతలో ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. ప్రకటనలు రాకుండా ఆపే యాప్ వెయ్యడం నాకు చిటికెలో పని. అడ్డుపడింది ఎవరనుకున్నారు? అత్తయ్య కొడుకే. ఎర్విన్ బావ మనాగ్వాలో ప్రకటనల కంపెనీలో పనిచేస్తాడు.

"అది దొంగతనం. ఆ ప్రకటనలే ఆ సైటుకి తిండి పెడుతున్నాయి. అంత ఇబ్బందైతే నెలనెలా డబ్బు కట్టండి, రావు."

"ఓహో, చావింట్లో నిశ్శబ్దానికి కూడా టిక్కెట్టా?"

"నీకు వ్యాపారం తెలీదు."

"భలేవాడివి బావా! పొద్దున్నించీ సంతలో నేను చేసేదేంటి మరి? నా బోర్డు నా దుకాణం మీదుంటుంది. కావాల్సినవాడు చూస్తాడు, అక్కర్లేనివాడు పోతాడు. ఏడుస్తున్నవాళ్ళ మధ్యకి దూరి కేకలు పెట్టను. మీవాళ్ళూ గుమ్మం దగ్గర మర్యాదగా నిలబడితే తలుపెవరు వేస్తారు?"

బావ మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. నాకూ ఒళ్ళు మండింది. జపమాల పెట్టే ఫోన్లో యాప్ వేసేశాను.

ఆఖరి రోజు ఇల్లు కిటకిటలాడింది. సబ్బుపొడి వచ్చే చోటు దగ్గర పడగానే అందరూ బిగుసుకుపోయారు. ఏమీ రాలేదు. పాదిరీ తర్వాతి పేరు చెప్పాడు, మేము బదులు పలికాం. మిగతా కొవ్వొత్తులన్నీ ఆర్పాక చివరిదాన్ని అత్తయ్యే ఆర్పింది.

"ఇంక బయల్దేరు, ఎవెలియో," అంది. ఆ గొంతులో వణుకు లేదు. నాకు ఎంత సంతోషమేసిందో!

అందరికీ కాఫీ కలుపుతుంటే బావ వంటింట్లోకి వచ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవనివాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రెండు కొంటే మూడోది... అది రాసింది నేనేనే, యాదిరా," అన్నాడు.

బావ తన ఫోన్ నా ముందు పెట్టాడు.

"ఆ యాప్ దీన్లో కూడా వెయ్యి."

వేశాను. ఆ ఒక్క రోజుకీ బావని ఆటపట్టించకుండా వదిలేశాను.